గడ్డివాము నుంచి గోరిపాళయం దాకా: అమెరికా చిన్న కాలేజీల పేరూ, విలువా

ఈ మధ్య మన బంధువుల్లో ఒక అమ్మాయికి అమెరికాలో రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి నలభై వేల మంది చదివే రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు. రెండోది ఆ దేశపు ఈశాన్య మూలలో, మొత్తం కలిపి రెండు వేల మంది ఉండే ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. మొదటిదాని పేరు ఇంట్లో అందరికీ తెలుసు. రెండోదాని పేరు సరిగ్గా పలకడం కూడా ఎవరికీ రాలేదు. "ఆర్ట్స్ కాలేజీ కోసం అంత దూరం పోవాలా? మన ఊళ్ళో లేవా?" అన్నారు పెద్దనాయన.

ఆయన ఎగతాళిగానే అన్నారు గానీ ఆ మాటలో ఒక నిజముంది. మన ఊళ్ళో ఉంది. మదురైలో వైగై అవతలి ఒడ్డున, గోరిపాళయంలో, ఎర్రటి కట్టడాలతో నిలబడి ఉన్న అమెరికన్ కాలేజీ ఆ చిన్న కాలేజీలకు దూరపు చుట్టమే. ఆ చుట్టరికం ఎలా కలిసిందో చూస్తే, ఈ కాలేజీల్లో దేనికి పేరు ఎక్కువ, దేనికి విలువ ఎక్కువ అన్న ప్రశ్న కూడా కొంత తేటపడుతుంది. అందుకే ఈసారి మన ఇంటి పేర్లు, వలస దారులు పక్కన పెట్టి ఈ కథ రాస్తున్నాను.

ముందు మాట గురించి రెండు ముక్కలు. తమిళనాడులో పుట్టి పెరిగిన మనకు ఆర్ట్స్ కాలేజీ అంటే లోకువ. మార్కులు చాలకపోతే, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో పేరు రాకపోతే, "సరే, ఆర్ట్స్ కాలేజీలో చేరు" అంటాం. అక్కడ బి.ఎస్సీ. గణితం చదివినా, భౌతికశాస్త్రం చదివినా ఊరివాళ్ళ లెక్కలో అది ఆర్ట్స్ కాలేజీయే. అమెరికాలో లిబరల్ ఆర్ట్స్ అన్నా బొమ్మలు వేయడం కాదు. గణితం, భౌతికం, జీవశాస్త్రం, ఆర్థికశాస్త్రం, చరిత్ర, తత్వం, భాషలు అన్నీ అందులోకే వస్తాయి. ఒక్క వృత్తికి తయారుచేసే చదువు కాదన్నదే తేడా. ఈ కాలేజీల్లో పిహెచ్.డి. విద్యార్థులు దాదాపు ఉండరు. కాబట్టి క్లాసులో పాఠం చెప్పేదీ, పేపరు దిద్దేదీ, తప్పు పట్టేదీ అన్నీ ప్రొఫెసరే. క్లాసుకు పదిహేను, ఇరవై మంది. మొదటి రెండేళ్ళు నాలుగు రకాల సబ్జెక్టులు చదివి, ఆ తర్వాత ఒకటి లోతుగా పట్టుకుంటారు.

ఇప్పుడు ఈ కాలేజీలంటే కోటీశ్వరుల పిల్లల చోటు అని ఒక అభిప్రాయం. పుట్టినప్పుడు అవి అలాంటివి కావు. విలియమ్స్ కాలేజీ 1793లో మొదలైంది. 1755లో లేక్ జార్జ్ దగ్గర యుద్ధంలో చనిపోయిన ఇఫ్రాయిమ్ విలియమ్స్ అనే సైనికాధికారి రాసిపెట్టిన వీలునామా డబ్బే దానికి మూలం. చుట్టూ కొండలు, చలి, ఊరికి రాకపోకలు కష్టం. బోస్టన్ దగ్గర హార్వర్డ్‌కు పంపలేని రైతులు, పాదిరీలు తమ కొడుకుల్ని పంపే చోటు అది.

1806లో ఒక వేసవి రోజున ఆ కాలేజీ విద్యార్థులు ఐదుగురు పొలంలో ప్రార్థన చేసుకుంటున్నారు. ఉరుములతో వాన వచ్చింది. పక్కనే ఉన్న గడ్డివాము చాటుకు చేరారు. ఆసియా దేశాలకు మతప్రచారకుల్ని పంపాలన్న ఆలోచనను వాళ్ళలో సామ్యూల్ మిల్స్ అనే కుర్రాడు అక్కడే పెట్టాడు. అమెరికా చర్చి చరిత్రలో దాన్ని గడ్డివాము ప్రార్థన అనే పిలుస్తారు. ఆ స్థలంలో ఇప్పుడు స్మారక స్తంభం కూడా ఉంది. ఆ ఆలోచన నుంచే నాలుగేళ్ళ తర్వాత, 1810లో, విదేశీ ప్రచారానికి అమెరికన్ బోర్డు ఏర్పడింది. 1812లో బోర్డు పంపిన మొదటి వాళ్ళు కలకత్తా చేరితే ఈస్టిండియా కంపెనీ ఉండనివ్వలేదు. వాళ్ళలో విలియమ్స్‌లో చదివిన గోర్డన్ హాల్ మరుసటి ఏడు బొంబాయి చేరి అక్కడ పాతుకున్నాడు. 1816లో ఇంకొక జట్టు జాఫ్నా వెళ్ళింది. అక్కడ తమిళం నేర్చుకుని, బడులు పెట్టి, 1834లో కడలి దాటి మదురై వచ్చారు. 1842లో తిరుమంగలంలో ఒక సెమినరీ మొదలుపెట్టి, మూడేళ్ళకు దాన్ని పసుమలైకి మార్చారు. ఆ పసుమలైలోనే 1881లో కాలేజీ మొదలైంది. అదే తర్వాత ఊళ్ళోకి వచ్చి, 1909 నాటికి గోరిపాళయంలో ఇప్పటి చోట కుదురుకుంది. మెయిన్ హాలు గీసింది హెన్రీ ఇర్విన్. మైసూరు మహారాజా వారి అంబావిలాస్ ప్యాలెస్ నమూనా ఇచ్చిన ఆయనే.

మతం మార్చడానికి వచ్చిన వాళ్ళ కథ మనకెందుకు అనేవాళ్ళుంటారు. మన ఇళ్ళల్లో ఎక్కువ మంది కాలేజీ గేటు లోపలికి వెళ్ళి, బైబిలు క్లాసులో కూర్చుని, డిగ్రీ పట్టుకుని, అదే నామంతో, అదే విభూతితో బయటికి వచ్చారు. బోర్డు లెక్కలో అది నష్టమే కావచ్చు. మన లెక్కలో కాదు.

విలియమ్స్‌కు తిరిగి వస్తాను. ఊరు మరీ మారుమూలగా ఉంది, కాలేజీ ఎత్తేసి ఇంకో ఊరికి మార్చాలని అక్కడ పెద్ద తగువు నడిచింది. చివరకు 1821లో ప్రెసిడెంటు జెఫనయా స్విఫ్ట్ మూర్ కొందరు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయి, మసాచుసెట్స్‌లోనే ఆమ్‌హర్స్ట్‌లో కొత్త కాలేజీకి మొదటి ప్రెసిడెంటయ్యాడు. పోతూ పోతూ గ్రంథాలయంలో పుస్తకాలు కూడా పట్టుకుపోయారని విలియమ్స్ వాళ్ళు ఇప్పటికీ ఆట పట్టిస్తారు. అది కథే. కానీ ఆమ్‌హర్స్ట్ పెట్టిన ఉద్దేశం కథ కాదు. తెలివి ఉండి డబ్బు లేని కుర్రాళ్ళను పాదిరీలుగా చదివించడానికి ఊరివాళ్ళు చందాలు వేసి ధర్మనిధి ఏర్పాటు చేశారు. ఇవాళ ర్యాంకుల పట్టికలో ఒకటో స్థానం, రెండో స్థానం అని కొట్టుకునే రెండు కాలేజీలూ ఒకే ఇంట్లో పుట్టి పాలు పంచుకున్న అన్నదమ్ముల్లాంటివి. మన ఊళ్ళల్లో దాయాదుల తగువు తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

విలియమ్స్‌కు అసలు పేరు తెచ్చినవాడు మార్క్ హాప్కిన్స్. జాన్స్ హాప్కిన్స్ వేరు, ఈయన వేరు. 1836 నుంచి 1872 దాకా ప్రెసిడెంటుగా ఉండి, చివరి ఏడాది విద్యార్థులకు తత్వం తానే చెప్పేవాడు. పుస్తకంలో ఉన్నది అప్పజెప్పించడం కాదు, ప్రశ్న వేసి కుర్రాడి చేత ఆలోచింపజేయడం ఆయన పద్ధతి. ఆయన శిష్యుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. ఒక దుంగకు ఈ కొసన హాప్కిన్స్, ఆ కొసన ఒక విద్యార్థి కూర్చుంటే చాలు, అదే కాలేజీ అన్న అర్థం వచ్చే మాట గార్‌ఫీల్డ్ పేరిట అమెరికాలో సామెతలా నిలిచిపోయింది. 1881 జులైలో గార్‌ఫీల్డ్ మీద తూటా పేలింది కూడా విలియమ్స్‌లో పాత విద్యార్థుల కలయికకు బయల్దేరి రైల్వే స్టేషనుకు వచ్చినప్పుడే. పసుమలైలో కాలేజీ మొదలైన ఏడు అదే.

మనకు కావలసిన ముక్క ఇంకొకటి ఉంది. ఆ హాప్కిన్సే 1857 నుంచి 1887లో చనిపోయేదాకా అమెరికన్ బోర్డుకు అధ్యక్షుడు. మదురై మిషన్ ఆ బోర్డు కింద నడిచింది. అంటే దుంగ మీద కూర్చున్న గురువు, పసుమలైకి మనుషుల్ని పంపిన బోర్డు పెద్ద, ఇద్దరూ ఒక్కరే.

మదురైకి వచ్చాక ఆ దుంగ ఏమైంది

ఇక్కడికి రూపం వచ్చింది. హాస్టలు వచ్చింది, చెట్ల మధ్య ఆవరణ వచ్చింది, విద్యార్థిని పేరు పెట్టి పిలిచే మాస్టరు వచ్చారు. కానీ ప్రశ్నపత్రం మాత్రం మద్రాసు నుంచి వచ్చేది. 1857లో పెట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం పాఠం చెప్పడానికి కాదు, పరీక్ష పెట్టడానికి పుట్టింది. కాలేజీలన్నీ దాని సిలబస్సే చెప్పాలి, దాని పరీక్షకే కూర్చోబెట్టాలి. విలియమ్స్‌లో హాప్కిన్స్ తనకు తోచింది చెప్పి తానే పరీక్షించుకున్నాడు. ఇక్కడ ఎంత గొప్ప గురువైనా చివరకు మద్రాసులో ఎవరో దిద్దే పేపరుకు తయారుచేయాలి.

మన వాళ్ళకు కావలసింది కూడా అదే. ఏవీ బ్రిడ్జి మీదుగా నడిచి కాలేజీకి వెళ్ళిన మన పాత తరం సోక్రటీసు కోసం వెళ్ళలేదు. మద్రాసు డిగ్రీ ఉంటే కలెక్టరాఫీసులో గుమాస్తా ఉద్యోగమో, బడిలో మాస్టరు పనో, కోర్టుకు దారో దొరుకుతుంది. నాయకరాజుల కాలంలో దండులో వచ్చి, భూములు పట్టుకుని, తరవాత ఆ భూములు చిన్నవైపోయిన కుటుంబాలకు డిగ్రీ కాగితమే కొత్త మాన్యం. పెళ్ళి సంబంధాల్లో "అబ్బాయి బి.ఏ." అంటే సరిపోయేది, ఏ సబ్జెక్టని ఎవరడిగారు.

ఆ పరీక్షా పద్ధతి ఎంత మొరటుదో చెప్పడానికి ఒక్క రామానుజన్ చాలు. కుంభకోణం ప్రభుత్వ కాలేజీకి దక్షిణ భారత కేంబ్రిడ్జి అని పేరు. గణితంలో మునిగి మిగతా సబ్జెక్టులు వదిలేస్తే ఆయనకు అక్కడ స్కాలర్‌షిప్పు పోయింది. మద్రాసులో పచ్చయ్యప్ప కాలేజీలో చేరినా ఎఫ్.ఏ. గట్టెక్కలేదు. అన్ని సబ్జెక్టులూ కొంత కొంత రావాలి అన్న నియమం మనిషిని విశాలం చేయడానికి పుట్టింది. దాన్ని పరీక్ష చేతికిస్తే ఇలాంటివాణ్ణే బయట నిలబెడుతుంది. లిబరల్ ఆర్ట్స్‌ను నెత్తిన పెట్టుకునేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు.

దీనికి ఇంకోవైపు కూడా ఉంది. తిరుత్తణి తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ముందు వేలూరు వూర్హీస్ కాలేజీలో చదివారు. అది కూడా అమెరికా మిషన్ వాళ్ళదే, డచ్చి మూలాలున్న రిఫార్మ్డ్ చర్చిది. తర్వాత స్కాట్లాండు వాళ్ళ మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. తత్వశాస్త్రం ఎందుకు తీసుకున్నారంటే, అప్పుడే చదువు ముగించిన ఒక బంధువు తన తత్వశాస్త్రం పుస్తకాలు ఇచ్చాడు కాబట్టి, కొనే ఖర్చు తప్పుతుంది కాబట్టి. అక్కడ గురువులు హిందూ ఆలోచనలో నీతికి చోటు లేదని విమర్శిస్తే, దానికి జవాబుగా వేదాంతంలోని నీతి మీద సిద్ధాంత వ్యాసం రాశారు. 1908లో అది అచ్చయింది. వ్యతిరేకించినా చదివి దిద్దే గురువు దొరకడమే ఇక్కడ అసలు లాభం. ఆ వ్యాసానికి కాలేజీ పేరు వల్ల ఎంత మేలు జరిగిందో గానీ, గురువుతో వాదం లేకపోతే వ్యాసమే లేదు.

మదురై అమెరికన్ కాలేజీకి తన సిలబస్సు తాను రాసుకునే హక్కు 1978లో స్వయంప్రతిపత్తితో వచ్చింది. దేశంలో ఆ హోదా మొదట్లోనే అందుకున్న కొద్ది కాలేజీల్లో అదొకటి. పసుమలైలో మొదలైన తొంభై ఏడేళ్ళకు అన్నమాట.

అక్కడ చిన్న కాలేజీ ఎలా బతికింది

అదే సమయంలో అమెరికాలో వేరే ప్రమాదం వచ్చింది. 1876లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం జర్మనీ పద్ధతిలో పరిశోధనతో మొదలైంది. హార్వర్డ్‌లో విద్యార్థి తనకు నచ్చిన సబ్జెక్టు ఎంచుకునే పద్ధతి వచ్చింది. ప్రయోగశాలలు, పిహెచ్.డి.లు, పెద్ద పెద్ద గ్రంథాలయాలు. ఇక చిన్న కాలేజీలకు రోజులు చెల్లాయని, చాలావరకు హైస్కూళ్ళకు దగ్గరగా దిగజారతాయని చికాగో విశ్వవిద్యాలయపు హార్పర్ లాంటి పెద్దలు బాహాటంగానే చెప్పారు.

చెల్లలేదు. ఎందుకు చెల్లలేదో చెప్పే ఉదాహరణల్లో నాకు ఇష్టమైనది ఒహాయోలోని ఓబర్లిన్. 1833లో పెట్టిన ఆ కాలేజీ 1835లోనే నల్లజాతి విద్యార్థులను తీసుకుంది, 1841లో ఆడపిల్లలకు డిగ్రీ ఇచ్చింది. విలియమ్స్ ఆడపిల్లలను తీసుకోవడానికి 1970 దాకా, ఆమ్‌హర్స్ట్ 1975 దాకా పట్టింది. ర్యాంకులో పైనున్నదే అన్నిట్లోనూ ముందుంటుందని అనుకునేవాళ్ళు ఈ ఏళ్ళు గుర్తుపెట్టుకోవాలి. ఆడపిల్లల చదువు విషయంలో ఆ పెద్ద కాలేజీల కన్నా ముందు నడిచింది మేరీ లయన్ 1837లో పెట్టిన మౌంట్ హోలియోక్. అక్కడ చదివిన ఆడవాళ్ళు టీచర్లుగా ఆసియా అంతటా వెళ్ళారు. మదురైలో ఆడపిల్లలకు కాలేజీగా లేడీ డోక్ 1948లో వచ్చింది, అమెరికా నుంచి వచ్చిన కేటీ విల్కాక్స్ చేతుల మీదుగా.

ఓబర్లిన్‌లో ఫ్రాంక్ జూయెట్ అనే రసాయనశాస్త్రం మాస్టరు, అల్యూమినియం చౌకగా తీసే పద్ధతి కనిపెట్టినవాడికి లోకానికి మేలు, తనకు సంపద అని క్లాసులో చెప్పేవాడు. అప్పట్లో అల్యూమినియం చాలా ఖరీదు. చార్లెస్ మార్టిన్ హాల్ అనే శిష్యుడు అది పట్టుకున్నాడు. 1885లో డిగ్రీ అయ్యాక ఇంటి వెనక కొట్టంలో ప్రయోగాలు చేస్తూ, మాస్టరు సలహాలు, సామాను తీసుకుంటూ, 1886 ఫిబ్రవరిలో కరెంటుతో అల్యూమినియం గుండ్లు తీశాడు. మన వంటింటి ఇడ్లీ కుక్కర్ దాకా వచ్చిన లోహం అది. హాల్ 1914లో చనిపోతూ ఆస్తిలో మూడో వంతు ఓబర్లిన్‌కు రాశాడు. ఇంకో మూడో వంతు ఆసియాలోనూ, టర్కీ, బాల్కన్ ప్రాంతాల్లోనూ చదువుకు పెట్టమన్నాడు. ఓబర్లిన్ వాళ్ళే చైనాలో షాన్సీ పేరుతో ఒక సంస్థ నడిపేవారు. 1949 తర్వాత చైనా తలుపులు మూసుకుంటే, 1950ల్లో వాళ్ళ చూపు మన మదురై మీద పడింది. అప్పటి నుంచి చాలా ఏళ్ళు ఓబర్లిన్ పట్టభద్రులు అమెరికన్ కాలేజీకి వచ్చి ఇంగ్లీషు చెబుతూ, తమిళం నేర్చుకుంటూ ఉండిపోయేవారు. మన వీధి అరుగుల మీద తెల్లవాళ్ళు కూర్చుని వేరుశెనగలు తిన్న సంగతి పెద్దవాళ్ళు చెబితే, వాళ్ళు ఈ దారిన వచ్చినవాళ్ళే.

కంప్యూటర్లే లోకం అనుకునే మన ఇళ్ళకు ఇంకో పేరు చెప్పాలి. అయోవా మొక్కజొన్న చేల మధ్య గ్రిన్నెల్ అని చిన్న కాలేజీ. 1948లో ట్రాన్సిస్టర్ సంగతి బయటికి రాగానే అక్కడి భౌతికశాస్త్రం మాస్టరు గ్రాంట్ గేల్, దాన్ని కనిపెట్టినవాళ్ళలో ఒకరైన బార్డీన్‌తో ఉన్న పరిచయంతో, బెల్ ల్యాబ్స్ నుంచి ట్రాన్సిస్టర్లు సంపాదించి విద్యార్థులకు చూపించాడు. ఆ విద్యార్థుల్లో రాబర్ట్ నాయిస్ ఉన్నాడు. తర్వాత ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ కనిపెట్టిన ఇద్దరిలో ఒకడు, 1968లో ఇంటెల్ పెట్టిన ఇద్దరిలో ఒకడు. ఇంటెల్ పుట్టినప్పుడే గ్రిన్నెల్ అందులో వాటా కొన్నది, ఆ డబ్బుతో కాలేజీ నిధి పెరిగింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్ళే మన పిల్లలు రోజూ తాకే చిప్పు వెనక ఒక ఆర్ట్స్ కాలేజీ మాస్టరు ఉన్నాడు.

పెన్సిల్వేనియాలో క్వేకర్లు 1864లో పెట్టిన స్వార్త్‌మోర్ ఇంకో దారి పట్టింది. 1922లో ఫ్రాంక్ ఐడెలాట్ అనే ప్రెసిడెంటు, ఆక్స్‌ఫర్డ్‌లో తాను చూసినదాన్ని బట్టి, ఆనర్స్ పద్ధతి పెట్టాడు. చివరి రెండేళ్ళు చిన్న సెమినార్లు, ఆఖరున బయటి పండితులు వచ్చి పరీక్షిస్తారు, నోటితో ప్రశ్నలు వేస్తారు. మద్రాసులోనూ పరీక్ష బయటివాళ్ళదే, ఇక్కడా బయటివాళ్ళదే. కానీ ఇక్కడ ఏం చదవాలో గురువు, శిష్యుడు కూర్చుని నిర్ణయించుకున్నాక బయటివాడు వస్తాడు. అక్కడ బయటివాడు ముందే నిర్ణయించేశాక గురువు మొదలుపెడతాడు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నన్నడిగితే రెండు దేశాల చదువుకూ మధ్య అసలు తేడా ఇదే. 1975లో వైద్యంలో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఇద్దరు, హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్, ఈ చిన్న కాలేజీలో డిగ్రీ చదివినవాళ్ళే.

ర్యాంకు పట్టిక వచ్చాక

ఇంత చరిత్ర ఉన్నా, ఎవరు గొప్ప అన్నది అంకెల్లో చెప్పడం జనంలో పాకింది 1983 తర్వాతే. ఆ ఏడు యూఎస్ న్యూస్ పత్రిక కాలేజీ ప్రెసిడెంట్లను అడిగి మొదటి పట్టిక వేసింది. అంటే పేరున్నవాళ్ళనే ఎవరికి పేరుందని అడిగి, వచ్చిన జవాబును ర్యాంకుగా అచ్చేసింది. తర్వాత తర్వాత పట్టాపొందే శాతం, మాస్టర్ల జీతాలు, ఖర్చు లాంటివి కలిపారు. రీడ్ కాలేజీ 1995 నుంచి ఈ ఆటలో లెక్కలివ్వడం మానేసింది. విలియమ్స్ ఇరవై ఏళ్ళకు పైగా మొదటి స్థానంలో ఉంది, ఆమ్‌హర్స్ట్ ఎక్కువగా రెండోది, స్వార్త్‌మోర్ ఆ పక్కనే. మొదటిదానికీ ఐదోదానికీ మధ్య చదువులో తేడా ఏమిటని అడిగితే, గీటు గీసి చెప్పగలిగినవాడు ఎవడూ లేడు. ఇంట్లో పిల్లలు ఒకటా మూడా అని నిద్ర మానుకుంటుంటే నాకు చిరాకేస్తుంది.

మరి ఈ కాలేజీలన్నిటికీ, పెద్ద విశ్వవిద్యాలయానికీ మధ్య? అక్కడ తేడా ఉంది, రెండు వైపులా ఉంది. తర్వాత పిహెచ్.డి. దాకా వెళ్ళేవాళ్ళ శాతం చూస్తే స్వార్త్‌మోర్, కార్ల్‌టన్, రీడ్ లాంటివి చాలా పెద్ద విశ్వవిద్యాలయాల కన్నా ముందుంటాయి. చదువే వృత్తిగా పెట్టుకోబోయే పిల్లకు ఇంతకన్నా మంచి చోటు తక్కువ. ఇంజనీరింగే కావాలంటే మాత్రం చూసుకోవాలి. స్వార్త్‌మోర్‌లో, స్మిత్‌లో, హార్వీ మడ్‌లో ఉంది, విలియమ్స్, ఆమ్‌హర్స్ట్‌లలో లేదు. ఇంకో నష్టం మన ఊరి నష్టం: చెన్నైలోనో హైదరాబాదులోనో ఉద్యోగమిచ్చేవాడికి ఈ పేరు తెలియదు, పెళ్ళి మధ్యవర్తికి అసలే తెలియదు. ఈ రెండో విషయం నవ్వులాట కాదు, మన ఇళ్ళల్లో నిర్ణయాలు దాని మీదే జరుగుతాయి.

జీతం సంగతి. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో అచ్చయిన అధ్యయనంలో ఒక తెలివైన పని చేశారు. పేరున్న కాలేజీలో సీటొచ్చి చేరినవాళ్ళను, సీటొచ్చి కూడా తక్కువ పేరున్న చోట చేరినవాళ్ళతో పోల్చారు. మొత్తం మీద తర్వాతి జీతాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తెలివి, పట్టుదల కాలేజీ గేటు బయటినుంచే వస్తాయన్నమాట. పేద ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ వల్ల లాభం కనిపించింది. పెద్దల పరిచయాలు ఇంట్లోనే ఉన్నవాడికి కాలేజీ కొత్తగా ఇచ్చేది తక్కువ, ఏమీ లేనివాడికి ఎక్కువ. ఆమ్‌హర్స్ట్ చందా వేసిన రైతులు ఎవరి కోసం వేశారో అది వాళ్ళకే పనికొస్తోంది.

అందుకే విలువ లెక్క చివరికి ఎవరు చెల్లిస్తారన్న దగ్గరికి వస్తుంది. ఈ కాలేజీల్లో ఇప్పుడు ఏడాదికి పూర్తి ఖర్చు 85 వేల డాలర్లు దాటింది, మన డబ్బుల్లో 70 లక్షలకు పైన. కానీ విలియమ్స్, ఆమ్‌హర్స్ట్‌లకు ఒక్కొక్కదానికి 300 కోట్ల డాలర్లకు మించిన శాశ్వత నిధి ఉంది, చదివేది దాదాపు రెండు వేల మంది. కాబట్టి అడిగినంత కట్టేవాళ్ళు అందరూ కారు. ఆమ్‌హర్స్ట్ 2008 నుంచి సహాయంలో అప్పులు తీసేసి గ్రాంటే ఇస్తోంది, విదేశీ పిల్లల్ని కూడా డబ్బు ఉందా లేదా అని చూడకుండా ఎంచుకుంటోంది. పాత విద్యార్థుల పిల్లలకు ఇచ్చే మొగ్గును 2021లో ఎత్తేసింది. విలియమ్స్ 2022 నుంచి సహాయమంతా గ్రాంటుగానే ఇస్తోంది, క్యాంపసులో పని చేయాలన్న షరతు కూడా లేదు. మిగతా చాలా కాలేజీలు మాత్రం విదేశీ పిల్లల విషయంలో ఎంత కట్టగలరో చూసే సీటిస్తాయి. గ్రాంటుతో వస్తే ఈ చదువు అమెరికాలో దొరికే మంచి బేరాల్లో ఒకటి. ఇల్లు తాకట్టు పెట్టి, బ్యాంకు లోను తీసి వెళ్ళడానికి మాత్రం నేను ఒప్పుకోను, అది మొదటి ర్యాంకైనా సరే.

ఈ పద్ధతి ఇప్పుడు మన దేశంలోనూ వేరుగా పుడుతోంది. సోనిపత్‌లో అశోక 2014లో మొదలైంది. మనకు దగ్గరగా, తడ పక్కన శ్రీసిటీలో క్రియా వచ్చింది. వీటి ఫీజులు చూస్తే గడ్డివాము కాలం నాటి పాదిరీల కొడుకులకు అందవు. స్కాలర్‌షిప్పులు ఎంతవరకు ఇస్తున్నారో అడిగి చూడండి. అడగాల్సిన మొదటి ప్రశ్న క్లాసులో ఎంతమంది అని, రెండోది పేపరు ఎవరు దిద్దుతారు అని. ర్యాంకు మూడోది.

మదురై, దిండుక్కల్, తేని వైపు మన కుటుంబాల్లో అమెరికన్ కాలేజీలోనో, లేడీ డోక్‌లోనో చదివిన పాత తరం వాళ్ళ పట్టాలు, హాస్టలు ఫోటోలు, కాలేజీ పత్రికలు ఉంటే పారేయకండి. ముఖ్యంగా 1950లు, 60ల్లో ఓబర్లిన్ నుంచి వచ్చిన మాస్టర్ల దగ్గర చదివినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకు తోచినట్టు, తెలుగులోనో తమిళంలోనో, ఫోన్లో మాట్లాడి రికార్డు చేసినా చాలు. మన ఇంట్లో అత్తయ్య దగ్గర మూడు ఫోటోలు దొరికాయి, వెనక తేదీలు లేవు. మెయిన్ హాలు మెట్ల మీద నిలబడిన ఇరవై మందిలో మన తాతగారు ఎవరో గుర్తుపట్టగలిగినవాళ్ళు ఇప్పుడు ఇద్దరే మిగిలారు.